సర్వపిండి గట్టిపడుతోందా? ఇలా చేయండి

అక్కా, హనుమకొండలో ఆఫీసు నుంచి వచ్చాక రాత్రికి సర్వపిండి చేస్తే గట్టిగా వస్తోందని, పిల్లలు తినట్లేదని రాశారు. టెన్షన్ పడకండి. చన్నీళ్లతో కలుపుతున్నారేమో చూడండి, మరిగిన నీళ్లు పోసి కలపాలి. రెండు గ్లాసుల బియ్యప్పిండికి పెద్ద ఉల్లిగడ్డ ఒకటి, పొద్దున్నే నానబెట్టిన శనగపప్పు గుప్పెడు, పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి, కరివేపాకు. సొరకాయ తురుము వేస్తే ఇంకా మెత్తగా ఉంటుంది, నాకైతే అదే ఇష్టం. అప్పుడు నీళ్లు తగ్గించండి.

చల్లటి గిన్నెకే నూనె రాసి పిండి పలుచగా ఒత్తాలి. వేలితో చిల్లులు పెట్టి నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నమంట మీద కాల్చండి. మంట పెంచితే అడుగు మాడి పైన పచ్చిగానే ఉంటుంది. రెండోది ఒత్తేముందు గిన్నె చల్లారాలి, అందుకే రెండు గిన్నెలు పెట్టుకోండి. పిల్లలకు పెరుగుతో పెట్టి చూడండి.