పిల్లలు లేకుండా, 23 ఏళ్లకే ఇంగ్లండ్‌లో స్కూల్ గవర్నర్‌ కావచ్చా?

మీ ప్రశ్న: వయసు 23, పెళ్లి కాలేదు, రెడింగ్‌లో అకౌంట్స్ ఉద్యోగం. ఇంటి దగ్గరి ప్రైమరీ స్కూల్లో గవర్నర్‌గా చేరొచ్చా, ఎంత టైం పోతుంది, చిన్నవాణ్ణని తీసిపారేస్తారా?

చేరొచ్చు. గవర్నర్ అంటే స్కూలు నిర్వహణను పర్యవేక్షించే బోర్డులో సభ్యుడు. 18 నిండితే చాలు, బ్రిటిష్ పౌరసత్వం అక్కర్లేదు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం ముందు యూనివర్సిటీలో వీసా వ్యవహారాలు చూసేవాళ్లను అడగడం మంచిది. మన దగ్గర విద్యాహక్కు చట్టం కింద వేసే స్కూల్ కమిటీల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే కాబట్టి, పిల్లలు లేనివాడికి అక్కడేం పని అన్న అనుమానం మనవాళ్లకు సహజం. ఇక్కడ తల్లిదండ్రుల సీట్లు వేరు, కో-ఆప్టెడ్ సీట్లు వేరు. స్కూలుకు పనికొచ్చే నైపుణ్యం ఉందనుకుంటే కో-ఆప్టెడ్ సీటులోకి బోర్డే తీసుకుంటుంది. లెక్కలు చదవగలిగిన మనిషి దొరికితే వద్దనే బోర్డు అరుదు. జీతం ఉండదు, పదవీకాలం మామూలుగా నాలుగేళ్లు.

ఖాళీలు స్కూల్ వెబ్‌సైట్‌లో గానీ, స్థానిక కౌన్సిల్‌లో గవర్నర్ల వ్యవహారాలు చూసే విభాగంలో గానీ తెలుస్తాయి. 'గవర్నర్స్ ఫర్ స్కూల్స్' అనే స్వచ్ఛంద సంస్థ కూడా ఖాళీ ఉన్న స్కూలుతో కలుపుతుంది. ఒప్పుకునే ముందు బోర్డు క్లర్కుకు మెయిల్ పెట్టి గత మూడు మీటింగుల మినిట్స్ అడగండి. రహస్యమని పక్కన పెట్టిన భాగం తప్ప మిగతాది అడిగినవాళ్లకు చూపించాల్సిందే. అందులో గవర్నర్లు అడిగిన ప్రశ్నలు కనిపించాలి. 'హెడ్ టీచర్ రిపోర్టును గవర్నర్లు స్వాగతించారు' అనే వాక్యం తప్ప ఏమీ లేకపోతే అది నిద్రపోతున్న బోర్డు. ఎవరెన్ని మీటింగులకు వచ్చారో వెబ్‌సైట్‌లోనే పెడతారు, అదీ చూడండి. ఇంకో ముఖ్యమైన సంగతి, అది కౌన్సిల్ నడిపే స్కూలా, కౌన్సిల్‌కు బయట స్వతంత్రంగా స్కూళ్లు నడిపే అకాడమీ ట్రస్టు కిందిదా అన్నది. ట్రస్టు కిందిదైతే అసలు అధికారం ట్రస్టీలది. లోకల్ బోర్డుకు ఏం వదిలారో 'స్కీమ్ ఆఫ్ డెలిగేషన్' అనే కాగితంలో ఉంటుంది. కొన్నిచోట్ల బడ్జెట్ ఆ బోర్డు చేతిలోనే ఉండదు, అలాంటిచోట మీ అకౌంట్స్ అనుభవం వృథా. నేను ఇక్కడ చెప్పేదంతా కౌన్సిల్ స్కూళ్ల గురించి.

నియామకమయ్యాక 21 రోజుల్లోపు ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్ తనిఖీకి, అంటే నేరచరిత్ర ఉందేమో చూసే తనిఖీకి, దరఖాస్తు వెళ్లాలి. స్కూలే పెడుతుంది, వాలంటీర్లకు డీబీఎస్ ఫీజు ఉండదు. ఇండియాలో ఉండి వచ్చినవాళ్లను అక్కడి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా అడగొచ్చు. దాని దగ్గరే వారాలు గడిచిపోతాయి కాబట్టి అవసరమా కాదా మొదటి రోజే కనుక్కోండి. చేరగానే పిల్లల భద్రత మీద శిక్షణ తప్పనిసరి.

టైం విషయానికొస్తే, చట్టం ప్రకారం పూర్తి బోర్డు ఏడాదికి కనీసం మూడుసార్లు కూర్చోవాలి. కమిటీలు, స్కూల్ సందర్శనలు, చదువుకోవడం కలిపితే నెలకు 5 నుంచి 8 గంటలు అనుకోండి. మీటింగ్ సాయంత్రం రెండు గంటలే, కాగితాలు చదవడానికే ఎక్కువ పడుతుంది. ఏడు రోజుల ముందు పంపుతారు. ముందురోజు రాత్రి తెరిస్తే మర్నాడు నోరు పెగలదు. ఇబ్బందల్లా పగటిపూట పడే పనులతో. ఉదాహరణకు ఒక పిల్లవాణ్ణి స్కూల్ నుంచి శాశ్వతంగా తీసేస్తే, 15 స్కూలు రోజుల్లోపు కనీసం ముగ్గురు గవర్నర్లు కూర్చుని విచారించాలి. 1996 నాటి ఉద్యోగ హక్కుల చట్టం 50వ సెక్షన్ కింద ఉద్యోగులకు దీనికి సమంజసమైనంత సెలవు ఇవ్వాలి, జీతం ఇవ్వాలని మాత్రం లేదు. మేనేజరుతో చేరకముందే మాట్లాడుకోండి. అనుమతి లేకుండా ఆరు నెలలు మీటింగులకు రాకపోతే పదవి పోతుంది.

చిన్నవాణ్ణని పట్టించుకుంటారా అంటే, అది మీరు ఏ కుర్చీ ఒప్పుకుంటారన్నదాన్ని బట్టి. 'యువత గొంతు' అనో, సోషల్ మీడియా చూసుకుంటాడనో కూర్చోబెడితే నాలుగేళ్లూ అలంకారమే. ఫైనాన్స్ కమిటీ అడిగి తీసుకోండి.

అక్కడ ఏం అడగాలో ఒక ఉదాహరణ. రిసెప్షన్‌లో (నాలుగైదేళ్ల పిల్లలు చేరే మొదటి తరగతి) 60 సీట్లున్న స్కూల్లో 47 మందే చేరారనుకుందాం. ఆ వయసు పిల్లలకు ఒక టీచరుకు 30 మందే అని చట్టం, కాబట్టి 47 మందికీ రెండు క్లాసులు, ఇద్దరు టీచర్లు. ఖర్చు తగ్గలేదు. అక్టోబర్‌లో జరిగే స్కూల్ సెన్సస్‌లో లెక్కకొచ్చిన పిల్లల సంఖ్యను బట్టే వచ్చే ఏప్రిల్ నుంచి డబ్బు వస్తుంది. అంటే ఆ 13 మంది డబ్బు రాదు, పైగా ఆ బ్యాచ్ పై తరగతులకు వెళ్లినకొద్దీ లోటు వెంటే నడుస్తుంది. ఈ ఏడు నిల్వలతో నెట్టుకొచ్చేస్తారు, పైకి అంతా బాగానే కనిపిస్తుంది. మీరు మూడేళ్ల బడ్జెట్ అంచనా తెరిచి, రెండో ఏడు, మూడో ఏడు రిసెప్షన్‌కు ఎంతమందిని వేశారో చూడండి. మళ్లీ 60 అని ఉంటే అక్కడ ఆగండి. 'ఈ అంకె ఎక్కణ్నుంచి వచ్చింది? కౌన్సిల్ జననాల అంచనా ఏం చెబుతోంది? 45 వేస్తే మూడో ఏడు నిల్వ ఎంత మిగులుతుంది?' ఈ మూడు ప్రశ్నలు చాలు. సీట్లు తగ్గించాలన్నా, రెండు వయసుల పిల్లల్ని ఒకే క్లాసులో కలపాలన్నా చాలా ముందుగా కదలాలి, నిల్వ అయిపోయాక చేయగలిగింది పెద్దగా ఉండదు.

ప్రశ్న అడగడం దగ్గరే మనవాళ్లు తడబడతారు. హెడ్ టీచర్ని అందరిముందు ప్రశ్నించడం ఎదురు చెప్పినట్టనిపిస్తుంది. ఇక్కడ అదే పని, పేరు పెట్టి పిలిచే అడుగుతారు. మొదట్లో బెరుకనిపిస్తే రెండు ప్రశ్నలు ముందే క్లర్కుకు రాసి పంపండి, జవాబు సిద్ధం చేసుకుని వస్తారు. మినిట్స్‌లోకీ ఎక్కుతాయి.

దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఒకటుంది. మీ ఎక్సెల్ పనితనం చూసి ముచ్చటపడి, స్కూల్ లెక్కల షీట్లు కాస్త సరిచేసి పెట్టమంటారు. ఒప్పుకోవద్దు. మీరు తయారుచేసిన లెక్కను మీరే ప్రశ్నించలేరు కదా. క్లాసు చూడ్డానికి వెళ్లినా టీచరు ఎలా చెబుతున్నారో మార్కులు వేయడం మీ పని కాదు.

ఇక ఉగాది సంబరాల్లో ఎవరో ఒకరు పక్కకు పిలుస్తారు. ఫలానా టీచర్ మీద ఫిర్యాదైతే వివరాలు వినకండి. రేపు అది గవర్నర్ల ప్యానెల్ దాకా వస్తే, ముందే కథ విన్నవాళ్లు అందులో కూర్చోకూడదు. ఫిర్యాదుల పద్ధతి స్కూల్ వెబ్‌సైట్‌లో ఉందని చెప్పి వదిలేయండి. 'మా బాబుకు సీటు చూడు నాయనా' అంటే, కమ్యూనిటీ స్కూల్ సీట్లు ఇచ్చేది కౌన్సిలే, ప్రైమరీకి గడువు జనవరి 15, ఆలోగా దరఖాస్తు పెట్టమనండి.