పసుపు ఏ ఆకులో మొదలైంది?

చిరంజీవి చిన్నికి పెద్దమ్మ ఆశీస్సులు.

లైట్ల కింద పెంచుతున్న టమాటా మొక్క ఆకులు పసుపుబారాయని, ఇంకో డోసు ఎరువు పోసేయనా అని అడిగావు. పోయకమ్మా. నువ్వు పంపిన ఫొటోలన్నీ ఆ గులాబీ వెలుగులో తీసినవే. వాటిలో పచ్చని ఆకు కూడా జబ్బుపడినట్టే కనిపిస్తుంది. కాబట్టి నీ కళ్లతో నువ్వే చూడాలి.

పసుపు కింది ఆకుల్లో మొదలైందా, చిగుళ్లలోనా? ముందు అది తేల్చుకో. నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం తగ్గినప్పుడు మొక్క వాటిని ముసలి ఆకుల్లోంచి లాక్కుని చిగుళ్లకు పెడుతుంది. అందుకే కింది ఆకులు ముందు చెడతాయి. ఇనుము, కాల్షియం అలా కదలవు కాబట్టి వాటి లోటు కొత్త ఆకుల్లోనే బయటపడుతుంది.

కింది ఆకు ఒకటి కోసి మామూలు తెల్లటి వెలుతురుకు ఎదురుగా పట్టుకో. ఈనెలు పచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం మాత్రం వెలిసిపోయి చేప ముల్లులా కనిపిస్తే మెగ్నీషియం లోటు. ఈనెలతో సహా ఆకంతా ఒకేలా పాలిపోతే నత్రజని. అంచులు మాత్రమే ఎండి గోధుమరంగుకు తిరిగితే పొటాషియాన్ని అనుమానించు. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం వెలిసిపోవడం లేత చిగురులో కనిపిస్తే మాత్రం ఇనుము.

అయితే లోటు కనిపించిందంటే కుండీలో ఎరువు లేదని కాదు. చాలాసార్లు ఉంటుంది, వేరు తీసుకోలేదు. పీహెచ్ అంటే నీళ్లు పుల్లగా ఉన్నాయా, క్షారంగా ఉన్నాయా చెప్పే కొలత. అది 7 దాటితే ఇనుము పోసినా మొక్కకు సరిగా అందదు. కొబ్బరి పొట్టులో పెంచుతున్నావు కదా, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. నీళ్లు పోశాక కుండీ అడుగు నుంచి కారే నీటిని గిన్నెలో పట్టి, పోసిన నీటికీ కారిన నీటికీ రెండింటికీ పీహెచ్, ఈసీ (నీటిలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే కొలత) చూడు. పోసిన నీటికంటే కారిన నీటి ఈసీ బాగా ఎక్కువగా ఉంటే కుండీలో ఎరువు తాలూకు ఉప్పు పేరుకుపోయినట్టే.

ఈ కొలత చూడకుండా నేనొకసారి మంచి మొక్కను పోగొట్టుకున్నాను. పసుపు కనిపించగానే మూడు రోజుల్లో మూడుసార్లు ఎరువు నీళ్లు పోశాను. ఆకుల కొనలు కొక్కెంలా వంగి మాడిపోయాయి. కుండీ అంచున తెల్లటి పొర వేలికి గరుకుగా తగిలింది. అప్పటికి మొక్క వేళ్లు కాలిపోయాయి. ఆ పొర నీకు కనిపిస్తే ఎరువు ఆపి, పీహెచ్ సరిచేసిన మంచినీళ్లు కుండీ పరిమాణానికి రెండు మూడింతలు నెమ్మదిగా పోసి ఉప్పును కడిగెయ్.

కుండీని చేత్తో ఎత్తి కూడా చూడు. ఎప్పుడూ బరువుగానే ఉంటే నీళ్లు ఎక్కువయ్యాయి. వేళ్లకు గాలాడక మొక్క ఆకలితో ఉన్నట్టే కనిపిస్తుంది. ఆకు వెనక సన్నటి చుక్కలుంటే తెల్ల కాగితం మీద దులిపి చూడు, కదిలే నలుసులు కనిపిస్తే అది ఎర్రనల్లి. దానికి ఎరువుతో పనిలేదు. లైటుకు దగ్గరగా ఉన్న పై ఆకులు మాత్రమే తెల్లబారితే లైటు కాస్త పైకి ఎత్తు.

వీటన్నిటి తర్వాత కూడా మెగ్నీషియమే అనిపిస్తే లీటరు నీటికి 5 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కలిపి, లైట్లు ఆపాక ఆకుల మీద పిచికారీ చెయ్. ఒకసారికి ఒక్క మార్పే చేసి వారం ఆగు. రెండు మూడు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. పసుపైన పాత ఆకులు మళ్లీ పూర్తిగా పచ్చబడవు, వాటిని చూసి టెన్షన్ పడకు. చిగురు పచ్చగా వస్తోందా, అదొక్కటే చూడు.

రేపు ఆ లైట్లు ఆపి, కిటికీ దగ్గర ఒక కింది ఆకు, ఒక చిగురు పక్కపక్కన పెట్టి ఫొటో తియ్యి. కారిన నీటి పీహెచ్, ఈసీ కూడా రాసి పంపు.

ప్రేమతో,
పెద్దమ్మ