పేర్లు మారుస్తున్నారు సరే, ఆ ఉత్తరాలెవరివి?

ప్రశ్న: మాది కావలి. 1930ల్లో నెల్లూరు వకీలు ఒకాయనకూ ఒక గాయనికీ గుట్టుగా నడిచిన ప్రేమ మీద నవల రాస్తున్నాను. ఆమె ఉత్తరాలున్న పెట్టెను వకీలుగారి మనవడు ఇచ్చారు. ఇద్దరూ కాలం చేశారు, పేర్లూ మారుస్తున్నాను. కేసు పడుతుందా?

జవాబు: మీరు అడగని చోటే చిక్కు ఎక్కువ. పెట్టె మనవడిదే కావచ్చు, అందులోని రాత మీద కాపీరైట్ ఆమె వారసులది. ఉత్తరం అందుకున్నవాళ్లకు దక్కేది కాగితం వరకే. రాసినావిడ పోయి 60 ఏళ్లు దాటాయి కదా అని లెక్కేయకండి. బతికుండగా అచ్చుకాని రచనకు, అచ్చయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు లెక్క (కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 24). అంటే మీ పెట్టెలోని ఉత్తరాలకు గడువు ఇంకా మొదలే కాలేదు.

కాబట్టి మనవడు సరేనన్నా చెల్లదు. ఆమె వారసులందరి సంతకాలతో రాతపూర్వక లైసెన్సు కావాలి. ఒక్కరిని వదిలేస్తే రేపు నోటీసిచ్చేది ఆ ఒక్కరే. వారసులు దొరక్కపోతే ఆమె వాక్యాలు ముట్టుకోవద్దు. జరిగిన సంగతులు, తేదీలు ఎవరి సొత్తూ కావు. వాటిని పట్టుకుని ఉత్తరాలు మీరే రాయండి. నవలకూ అదే మేలు.

ఇక పరువునష్టం. పోయినవారి పరువు కోసం వారసులు సివిల్ దావా వేస్తే నిలవదు. క్రిమినల్ ఫిర్యాదు మాత్రం వేయొచ్చు: భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356, వివరణ 1. బతికుంటే వారి పరువు పోయే మాట అయివుండాలి, దగ్గరివాళ్ల మనసు నొప్పించే ఉద్దేశమూ ఉండాలి. రుజువైతే రెండేళ్ల వరకు సాధారణ జైలు. ‘నిజమే రాశాను’ అంటే చాలదు, ప్రజాహితం కూడా చూపాలి. ప్రేమించుకున్నారని రాస్తే భయం తక్కువ. కథ రక్తి కట్టాలని ఆమె విషం పెట్టినట్టో ఆస్తి కాజేసినట్టో కల్పిస్తేనే ముప్పు.

అంతకన్నా ముప్పు బతికున్నవాళ్లతో. ఫలానా ఆయన వకీలుగారి కొడుకు కాదన్న సూచన ఒక్కటి చాలు, సివిల్ దావాకు ఏడాది, క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు గడువు ఉంటుంది. నెల్లూరు మూలాపేటలో నలుగురు గుర్తుపడితే పేరు మార్చీ లాభం లేదు. వృత్తి, వీధి, సంవత్సరం కూడా మార్చండి. ‘పాత్రలు కల్పితం’ అని ముందుపేజీలో వేసి, ఆవిష్కరణ సభలో ‘ఇది నిజకథే’ అనకండి.

ప్రచురణకర్త ఒప్పందంలో కేసుల నష్టమంతా రచయితదే అన్న షరతు ఉంటే, అది మీకందిన రాయల్టీకి మించకూడదని రాయించుకోండి. నోట్సు తేదీలతో దాచండి. నొప్పించే ఉద్దేశం లేదని చెప్పుకోవడానికి కోర్టులో పనికొచ్చేవి అవే.