పూలు పోయింది మాకు, డబ్బు పడింది ఆయనకు

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా ఆనందపురం దగ్గర పల్లె. 2020లో మా నాన్న ఎకరం కౌలుకు తీసుకుని బంతి, కనకాంబరం వేశారు. లాక్‌డౌన్‌లో గుళ్లు మూసేశారు, పెళ్లిళ్లు ఆగిపోయాయి, కోత కూలి కూడా గిట్టదని పూలు చేలోనే వదిలేశాం. ఏప్రిల్‌లో కరోనా సాయమని భూమిగల ఆయన ఖాతాలో 2,000 పడ్డాయి. ఆయన సిటీలో ఉద్యోగం చేసుకుంటారు, పొలం మొహం చూసి ఏళ్లయింది. మాకు పైసా రాలేదు. అమెరికాలో రైతులకు వేల డాలర్లు ఇచ్చారని అక్కడున్న మా బావ అంటున్నాడు. అక్కడ కౌలుదారులకూ ఇచ్చారా? ఆ డబ్బు మాకు ఇప్పుడైనా వస్తుందా?

జవాబు: ముందు చేదు మాటే చెప్పేస్తానమ్మా, ఆ ఏడాది డబ్బుకు ఇప్పుడు దరఖాస్తు పెట్టుకునే దారి లేదు. అసలు ఆ 2,000 కరోనా కోసం కొత్తగా ఇచ్చింది కాదు. కేంద్రం నడిపే పీఎం కిసాన్ పథకంలో ఏడాదికి మూడు విడతలుగా ఎలాగూ ఇచ్చే 6,000లో మొదటి విడతనే, 2020 మార్చి 26న ప్రకటించిన ప్యాకేజీలో కలిపి, ఏప్రిల్‌లో ముందుగా వేశారు. చేతిలో డబ్బు ఆడని రోజుల్లో అది మేలే, కాదనను. కానీ ఎవరి పంట పోయిందని చూసి ఇచ్చింది కాదు. వరి వేసినా పూలు వేసినా అదే 2,000, అదీ రికార్డులో భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకే. కౌలు రైతుకు ఆ పథకంలో చోటే లేదు. ఇంకో సంగతి, మీ భూమిగల ఆయన ఆదాయపు పన్ను కట్టేవారైతే నిబంధన ప్రకారం ఆయనకూ రాకూడదు.

మీ నాన్నగారికి రాగలిగింది అప్పటి రాష్ట్ర పథకం రైతు భరోసా. భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు ఏడాదికి 13,500 రాష్ట్రమే ఇచ్చేది, 2020 మే 15న ఆ ఏడాది మొదటి విడత పడింది. కానీ దానికి సాగు హక్కు కార్డు ఉండాలి, అదే సీసీఆర్‌సీ అంటారే అది, ఆ కార్డుకేమో భూమిగల ఆయన సంతకం కావాలి. మన దగ్గర కౌలంతా నోటిమాట మీదే నడుస్తుంది, సంతకం పెడితే భూమి పోతుందేమోనని వాళ్లకు టెన్షన్. ఆ కార్డు 11 నెలలకే, దానితో భూమి మీద ఏ హక్కూ రాదు, ఈ మాట ఊళ్లో ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఎంత మందికి సాయం అందేదో అని బాధేస్తుంది.

అమెరికాలో లెక్క వేరు. అక్కడ 2020లో సీఎఫ్ఏపీ అనే పథకం కింద, జనవరి నుంచి ఏప్రిల్ మధ్యలో ధర ఎంత పడిపోయిందో పంటవారీగా చూసి ఇచ్చారు. దరఖాస్తు తమ కౌంటీలోని, అంటే మన జిల్లా లాంటిదే, వ్యవసాయ శాఖ ఆఫీసులో పెట్టుకోవాలి. పంట నష్టాన్ని ఎవరు మోస్తున్నారో వాళ్లే అర్హులు, కాబట్టి రొక్కం కౌలు తీసుకుని కూర్చునే యజమానికి రాదు, సాగు చేసిన కౌలుదారుకే వస్తుంది. నాకు నచ్చింది ఇదే. అలాగని అక్కడంతా బాగుందనీ అనుకోకండి. ఎక్కువ పండించినవాళ్లకు ఎక్కువ, మనిషికి 2,50,000 డాలర్ల దాకా, అంటే పెద్ద కమతాలకే పెద్ద మొత్తాలు. మీకు ఆశ్చర్యం కలిగించే మాట, పూలను అక్కడా మొదటి జాబితాలో పెట్టలేదు, ఆగస్టులో చేర్చారు.

ఇప్పుడు రాష్ట్రంలో అన్నదాత సుఖీభవ నడుస్తోంది, కేంద్రం ఇచ్చే 6,000తో కలిపి ఏడాదికి 20,000. ఇందులోనూ కౌలు రైతుకు కార్డు, ఈ-పంట నమోదు (ఏ పొలంలో ఏ పంట ఎవరు వేశారో ప్రభుత్వం రాసుకునే లెక్క) రెండూ ఉండాలి. సంతకం కోసం భూమిగల ఆయన దగ్గరికి ఒక్కరే వెళ్లొద్దు, సచివాలయంలోని రెవెన్యూ అధికారిని వెంట తీసుకెళ్లండి, 11 నెలల సంగతి ఆ అధికారి నోటితోనే చెప్పించండి. పూలతోట కాబట్టి ఈ-పంటలో రాసేది ఉద్యాన సహాయకులు. వాళ్లు పొలానికి వచ్చిన రోజు మీ నాన్నగారు అక్కడే ఉండి, సాగు చేసేది తనేనని చెప్పి, భూమిగల ఆయన పేరు కాకుండా తన పేరే ఎక్కిందో లేదో చూసుకుని, రసీదు అడిగి తీసుకోవాలి.