క్యూలో ఇరుక్కున్న ప్రింట్‌ను టెర్మినల్ నుంచి తీసేయాలంటే: ముందు ప్రింటర్‌ను ఆపండి

మీ సమస్య నాకు అర్థమైంది ఇలా: లినక్స్ మెషీన్ నుంచి ఆఫీసు ప్రింటర్‌కు 300 పేజీల పీడీఎఫ్ పొరపాటున రెండుసార్లు వెళ్లింది. ప్రింటర్ విండోలో క్యాన్సిల్ నొక్కినా పోవట్లేదు. టెర్మినల్ నుంచి మీది మాత్రమే తీసేయాలి, వెనక ఉన్న మిగతావాళ్ల ప్రింట్లు చెడకూడదు.

ఈ ప్రశ్నకు చాలామంది నేరుగా క్యాన్సిల్ కమాండ్ చెప్పేస్తారు. నేను మాత్రం ముందు ప్రింటర్‌ను ఆపమంటాను. మీరు క్యూ చూసి, నంబరు వెతికి, కమాండ్ కొట్టేలోపు లేజర్ ప్రింటర్ ఇరవై ముప్ఫై కాగితాలు బయటికి తోసేస్తుంది. పైగా ఆ తొందరలోనే తప్పు నంబరు కొడతాం.

కమాండ్లను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. మీరు ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో, ఒక్కో మాట లోపల ఖాళీ లేకుండా, మాటకూ మాటకూ మధ్య మాత్రం ఖాళీతో టైప్ చేయండి. ఎల్‌పీస్టాట్ అంటే ఎల్, పీ, ఆ వెంటనే ఎస్, టీ, ఏ, టీ. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను.

మొదట ఎల్‌పీస్టాట్ -పీ కొట్టి ప్రింటర్ పేరు చూసుకోండి. అది ఆఫీస్‌లేజర్ అనుకుందాం. ఇప్పుడు సుడో కప్స్‌డిజేబుల్ ఆఫీస్‌లేజర్ అని ఇవ్వండి. సుడో అంటే అడ్మిన్ హక్కుతో నడపమని, కప్స్ అంటే లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే వ్యవస్థ. దీంతో ప్రింటర్ స్విచ్ ఆఫ్ అవదు, కంప్యూటర్ నుంచి ప్రింటర్‌కు వెళ్లే దారి మాత్రమే మూసుకుంటుంది. ఈలోపు ఎవరైనా కొత్తగా ప్రింట్ ఇచ్చినా అది క్యూలోకి వచ్చి కూర్చుంటుంది, ఎక్కడికీ పోదు. నడుస్తున్న జాబ్ (మనం పంపిన ఒక్కో ప్రింట్‌నూ జాబ్ అంటారు) కూడా ఆగి మళ్లీ క్యూలో నిలబడుతుంది. ఒక్క జాగ్రత్త: దీనికి -సీ తగిలించకండి. అది తగిలిస్తే ఆ ప్రింటర్ మీదున్న జాబులన్నీ రద్దవుతాయి.

ఇప్పుడు టెన్షన్ లేకుండా ఎల్‌పీస్టాట్ -ఓ కొట్టండి. వరుసకు ఒక జాబ్ కనిపిస్తుంది: ఆఫీస్‌లేజర్-482 లాంటి నంబరు, పక్కన పంపినవాళ్ల యూజర్ పేరు, తర్వాత బైట్లలో సైజు, చివర తేదీ, టైమ్. ఒకే యూజర్ పేరుతో, ఒకే సైజుతో, రెండు మూడు నిమిషాల తేడాతో రెండు వరుసలు కనిపిస్తే అవి జంట ప్రింట్లే అనుకోవచ్చు. ఇందులో ఫైలు పేరు రాదు. అనుమానం తీరాలంటే ఎల్‌పీక్యూ కొట్టండి, అది ఫైలు పేరు కూడా చూపిస్తుంది. రెండింటిలోనూ నంబరు కలిస్తేనే ముందుకు వెళ్లండి.

క్యాన్సిల్ ఆఫీస్‌లేజర్-482. అంతే. టెర్మినల్ ఏమీ అనకపోతే పని అయినట్టే. ఇంకోసారి ఎల్‌పీస్టాట్ -ఓ కొట్టి ఆ వరుస పోయిందో లేదో చూసుకుని, సుడో కప్స్‌ఎనేబుల్ ఆఫీస్‌లేజర్‌తో దారి తెరవండి. ముందు తీయడం, తర్వాత తెరవడం, ఈ క్రమం మారకూడదు. ఆగిన జాబును తీసేయకుండానే ఎనేబుల్ చేస్తే అది మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలవుతుంది.

మీ సొంత జాబ్ తీయడానికి సాధారణంగా సుడో అక్కర్లేదు. వేరేవాళ్ల జాబ్ తీయాలన్నా, ప్రింటర్‌ను ఆపాలన్నా అడ్మిన్ హక్కు కావాలి. ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాల్లో ఎల్‌పీఅడ్మిన్ గ్రూపులో ఉన్నా సరిపోతుంది.

ఇంత నిదానంగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి నేను తొందరపడ్డాను. మా ఆఫీసులో ఒక ప్రింటర్ వరసగా చెత్త పేజీలు కక్కుతోంది. ప్రతి కాగితం మీదా పైన రెండు మూడు వరుసల పిచ్చి గుర్తులు, మిగతా పేజీ అంతా ఖాళీ. మొదటి పేజీ పైన శాతం గుర్తు, ఆశ్చర్యార్థకం, పక్కనే పీఎస్ అని ఉంది. అంటే పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీని ఎలా గీయాలో ప్రింటర్‌కు చెప్పే భాష) ఫైలు, ఆ భాష రాని ప్రింటర్‌కు నేరుగా వెళ్లిపోయింది. ప్రింటర్ దాన్ని బొమ్మగా గీయాల్సింది పోయి మామూలు అక్షరాలుగా అచ్చేస్తోంది. కాగితాలు అలా పోతుంటే చూడలేక సుడో క్యాన్సిల్ -ఏ కొట్టేశాను. ప్రింటర్ పేరు ఇవ్వలేదు. పేరు లేకుండా -ఏ ఇస్తే అర్థం “అన్ని ప్రింటర్లలోని అన్ని జాబులూ” అని. మూడు ప్రింటర్ల క్యూలు ఒక్క దెబ్బకు ఖాళీ అయ్యాయి. పై అంతస్తులో ఒకామె ఆ సాయంత్రం ఇవ్వాల్సిన కాగితాలను వేరే ప్రింటర్‌కు పంపి, వస్తాయని ఎదురుచూస్తూ కూర్చున్నారు. అసలు ఫైలు ఆమె ఇంట్లోని కంప్యూటర్‌లో ఉంది. ఆ రోజు ఆమెకు నేను చేసిన ఇబ్బంది ఇప్పటికీ గుర్తొస్తుంది. అప్పటినుంచి షేర్డ్ ప్రింటర్ దగ్గర -ఏ వాడటం మానేశాను. ఒకే యూజర్‌వి మొత్తం తీయాలంటే క్యాన్సిల్ -యూ తర్వాత యూజర్ పేరు ఇస్తే చాలు.

ఎవరిదో తెలియని జాబ్ కనిపిస్తే తీసేయకండి, పక్కన పెట్టండి. ఎల్‌పీ -ఐ 482 -హెచ్ హోల్డ్ అంటే అది ఆగుతుంది, ఇక్కడ హెచ్ పెద్ద అక్షరం. పంపినవాళ్లను అడిగాక, హోల్డ్ బదులు రెజ్యూమ్ పెట్టి వదిలేయొచ్చు. క్యాన్సిల్ కన్నా ఇది నాకు బాగా నచ్చిన కమాండ్.

క్యూ ఖాళీ అయినా ప్రింటర్ ఇంకా కాగితాలు తోస్తోందంటే, అప్పటికే కొంత డేటా ప్రింటర్ సొంత మెమరీలోకి చేరిపోయిందన్నమాట. అక్కడికి మీ టెర్మినల్ చేయి అందదు. ప్రింటర్ ప్యానెల్ మీదున్న క్యాన్సిల్ బటన్ నొక్కండి. అదీ వినకపోతే కాగితాల ట్రే బయటికి లాగండి, లోపలికి వెళ్లిన కాగితం బయటికొచ్చి, తర్వాతిది దొరక్క ఆగిపోతుంది. అప్పుడు స్విచ్ ఆఫ్ చేయండి. ప్రింట్ అవుతుండగా కరెంటు తీస్తే కాగితం రోలర్ల మధ్య ఇరుక్కోవచ్చు, దాన్ని లాగడం ఇంకో పెద్ద పని.

విండోలో క్యాన్సిల్ చేసినా పోవట్లేదన్నారు కదా, ఎల్‌పీస్టాట్ -పీ కొట్టినప్పుడు మీరు ఏమీ ఆపకముందే డిజేబుల్డ్ అని ఉందేమో చూడండి. కేబుల్ ఊడినా, నెట్‌వర్క్ తెగినా కప్స్ తనంతట తానే ప్రింటర్‌ను ఆపేయొచ్చు. ప్రింట్ రాలేదని మనం మళ్లీ మళ్లీ పంపుతాం. నేను చూసిన డబుల్ ప్రింట్లలో ఎక్కువ భాగం ఇలా వచ్చినవే. ఎవరో వచ్చి ఎనేబుల్ చేయగానే అన్ని కాపీలూ ఒక్కసారిగా దూకుతాయి. అందుకే ముందు డూప్లికేట్లు తీసి, ఆ తర్వాతే ఎనేబుల్ చేయాలి.

నిజంగా మొండికేసిన జాబ్ అయితే క్యాన్సిల్ -ఎక్స్ ఆఫీస్‌లేజర్-482 వాడండి, రద్దు చేయడంతో పాటు దాని డేటా ఫైళ్లను కూడా చెరిపేస్తుంది. దానికీ లొంగకపోతే సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ కప్స్. నాకు చాలాసార్లు ఇక్కడితోనే తీరిపోయింది. స్పూల్ ఫోల్డర్‌లోకి (ప్రింట్ కావాల్సిన ఫైళ్లు ఆగి ఉండే చోటు) వెళ్లి ఫైళ్లు చేత్తో తీసేయమని కొందరు చెబుతారు. ఆ అవసరం అరుదు. తప్పకపోతే ముందు కప్స్ సర్వీస్ ఆపి, వార్ స్పూల్ కప్స్ ఫోల్డర్‌లో (ప్రతి మాటకు ముందూ స్లాష్ గుర్తు పెట్టాలి) మీ జాబ్ నంబరున్నవే తీయండి. 482 అయితే సీ00482, డీ00482-001 అనే పేర్లతో ఉంటాయి.

కొన్నిచోట్ల మీకు క్యాన్సిల్ బదులు ఎల్‌పీఆర్‌ఎం అని కనిపిస్తుంది. అది బర్క్‌లీ యూనిక్స్ నుంచి, క్యాన్సిల్ సిస్టమ్ ఫైవ్ యూనిక్స్ నుంచి వచ్చాయి. కప్స్ రెండింటినీ ఉంచింది, రెండూ పనిచేసేది అదే క్యూ మీద. ఎల్‌పీఆర్‌ఎం 482 అంటే చాలు. నంబరు లేకుండా కొడితే మాత్రం డిఫాల్ట్ ప్రింటర్‌లో అప్పుడు నడుస్తున్న జాబ్ మీద పడుతుంది. మ్యాక్‌లోనూ కప్సే కాబట్టి క్యూ చూసే, క్యాన్సిల్ చేసే కమాండ్లు అక్కడా ఇవే.

విండోస్ వాడేవాళ్లకు ఒక మాట. నెట్ స్టాప్ స్పూలర్ కొట్టి, ప్రింటర్స్ ఫోల్డర్ ఖాళీ చేసి, నెట్ స్టార్ట్ స్పూలర్ కొట్టమనే సలహా అన్నిచోట్లా ఉంటుంది. అది పనిచేస్తుంది కానీ ఆ మెషీన్‌లో అందరి జాబులూ పోతాయి. పవర్‌షెల్‌లో గెట్-ప్రింట్‌జాబ్‌తో నంబరు చూసి, రిమూవ్-ప్రింట్‌జాబ్‌తో ఆ ఒక్కటే తీయొచ్చు.

మీ మెషీన్‌లో క్యూ ఖాళీగా ఉండి, ప్రింటర్ మెమరీ కూడా ఖాళీ చేశాక ఇంకా ప్రింట్లు వస్తుంటే, అవి మధ్యలో ఉన్న ప్రింట్ సర్వర్‌లో, అంటే అందరి ప్రింట్లనూ ప్రింటర్‌కు పంపే కంప్యూటర్‌లో, ఆగి ఉంటాయి. ఇవే కమాండ్లు ఆ సర్వర్‌లోకి లాగిన్ అయి కొట్టాలి. అప్పటికీ తేలకపోతే ఎల్‌పీస్టాట్ -టీ ఇచ్చిన అవుట్‌పుట్‌లో యూజర్ పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.