సమాధానం: జీజిటెన్‌లో ఎడిక్ట్ అక్షరాలు చెదిరిపోతుంటే

ఉబుంటులో జీజిటెన్ అనే జపనీస్ నిఘంటువు ప్రోగ్రామ్ ఎక్కింది గానీ, దానికి ఎడిక్ట్ (జపనీస్-ఇంగ్లిష్ నిఘంటువు) ఫైలు ఇస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయన్నారు కదండీ. తప్పు ఫాంటుది కాదు. ఫాంటు లేకపోతే ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. అప్పుడు నోటో సీజేకే (చైనీస్, జపనీస్, కొరియన్) ఫాంట్లు వేస్తే చాలు. అసలు చిక్కు ఎన్‌కోడింగ్‌ది, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిది: ఎడిక్ట్ వచ్చేది ఈయూసీ-జేపీ ఎన్‌కోడింగ్‌లో, జీజిటెన్‌కు కావలసింది యూటీఎఫ్-8.

ముందు జీజెడ్ (కుదించిన) ఫైలును విప్పండి, చాలామంది ఇది మరిచిపోతారు. తర్వాత టెర్మినల్‌లో ఎన్‌కోడింగ్ మార్చే ఐకాన్వ్ కమాండుకు మైనస్ ఎఫ్ పక్కన ఈయూసీ-జేపీ, మైనస్ టీ పక్కన యూటీఎఫ్-8, ఆపైన విప్పిన ఫైలు పేరు ఇచ్చి, వచ్చినదాన్ని కొత్త పేరు గల ఫైల్లోకి మళ్లించండి. పాత పేరే ఇచ్చారో, చదవకముందే షెల్ (టెర్మినల్‌లో కమాండులు నడిపే ప్రోగ్రామ్) దాన్ని సున్నా బైట్లు చేసేస్తుంది! ఆ కొత్త ఫైలునే జీజిటెన్ ప్రిఫరెన్సుల్లో చూపించండి.

మ్యాక్‌లో ఈ తంటా లేదు. డిక్షనరీ యాప్ సెట్టింగ్స్‌లో జపనీస్-ఇంగ్లిష్ నిఘంటువుకు టిక్ పెట్టండి.