మాత్రలు మానేశాక గొంతు మారింది.. దురాత్మేనా?

ప్రశ్న: బెంగళూరు కె.ఆర్‌.పురంలో ఉంటాం. చెల్లికి 19 ఏళ్లు. చిన్నప్పటి నుంచి ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్‌ వాడేది. ‘విశ్వాసం ఉంటే మాత్రలెందుకు’ అని ఎవరో అంటే రెండు నెలల కిందట మానేసింది. మొన్న ఆదివారం మూడుసార్లు చూపు నిలిపేసి, పెదాలు చప్పరిస్తూ బట్టలు పీక్కుంది. సోమవారం బాగానే ఉంది. మంగళవారం రాత్రి నుంచి బొంగురు గొంతుతో ‘ఈ పిల్లను వదలను’ అంటోంది. మూడు రోజులు నీళ్లు కూడా లేకుండా ఉపవాసం ఉంచి, దురాత్మను వెళ్లగొట్టే విడుదల ప్రార్థన చేద్దామంటున్నారు. చేయించవచ్చా?

జవాబు: ఉపవాసం వద్దు. ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. హోసూరు రోడ్డులోని మెదడు, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఎమర్జెన్సీ 24 గంటలూ ఉంటుంది.

చూపు నిలిచిపోవడం, పెదాలు చప్పరించడం, బట్టలు పీక్కోవడం కణత వైపు మెదడులో పుట్టే మూర్ఛ లక్షణాలు. ఫిట్స్‌ వరసగా వచ్చి, ఒకట్రెండు రోజులు మామూలుగా ఉండి, ఆ తర్వాత మాట, ప్రవర్తన మారితే మూర్ఛ తర్వాతి సైకోసిస్‌ను (వాస్తవంతో సంబంధం తెగిపోయే మానసిక స్థితి) అనుమానిస్తాం. మధ్యలో ఆ మంచి రోజు ఉండబట్టే ఇంట్లోవాళ్లు రెండింటికీ ముడిపెట్టరు. ఇందులో దేవుడు, దయ్యం మాటలు తరచూ వినిపిస్తాయి. మందులతో సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గుతుంది. ఈలోగా తనకు తానే హాని చేసుకోవచ్చు కాబట్టి ఒంటరిగా వదలకండి. ఈ వయసు ఆడపిల్లల్లో మెదడువాపు కూడా ఇలాగే కనపడవచ్చు. అందుకే ఈఈజీ (మెదడులో విద్యుత్తు తీరు చూసే పరీక్ష), ఎంఆర్‌ఐతో పాటు అవసరమైతే వెన్నులోంచి నీరు తీసి చూస్తారు. ఒక్క ఈఈజీ నార్మల్‌ వస్తే మూర్ఛ లేదని కాదు.

పాత చీటీ చూసి మాత్రలు మీరే మొదలుపెట్టకండి. గర్భంలో బిడ్డకు లోపాలు తెస్తుందని, పెళ్లీడు ఆడపిల్లలకు వాల్‌ప్రోయేట్‌ వీలైనంతవరకు ఇవ్వం. బదులుగా లెవెటిరాసెటమ్‌ ఇస్తే కొందరికి చిరాకు, కోపం పెరుగుతాయి. దాన్నీ దయ్యం ఖాతాలో వేసి మానేసేవాళ్లున్నారు! డాక్టరుకు చెబితే మోతాదో, మందో మారుస్తారు.

ఉపవాసమే కాదు, ఆల్‌నైట్‌ ప్రేయర్‌తోనూ చెరుపే. నిద్ర లేకపోతే ఫిట్స్‌ మళ్లీ తిరగబెడతాయి.

బైబిల్లో మార్కు 9లో దయ్యం పట్టి నురుగు కార్చి, పళ్లు కొరికే అబ్బాయి కథ చదివి ప్రతి ఫిట్సూ దయ్యమే అనుకుంటారు. కానీ మత్తయి 4:24 దయ్యము పట్టినవారిని, చాంద్రరోగులను వేర్వేరుగానే చెబుతుంది. చాంద్రరోగమంటే మూర్ఛే. కేథలిక్కుల్లో బిషప్‌ అనుమతి లేనిదే ఏ ఫాదరూ దయ్యం వదిలించే కర్మ చేయకూడదు. ముందు వైద్యుల అభిప్రాయం తీసుకోవాలి. 1976లో జర్మనీలో మూర్ఛకు చికిత్స పొందిన 23 ఏళ్ల యువతి, నెలల తరబడి ఆ కర్మలు చేయించుకుంటూ తిండి మానేసి చనిపోయింది. తల్లిదండ్రులకు, ఇద్దరు ఫాదర్లకు శిక్ష పడింది. స్వతంత్ర సంఘాల్లో అలా అడ్డుచెప్పే బిషప్‌ ఉండరు. కాబట్టి పాస్టరుగారితో మీరే మాట్లాడాలి. విశ్వాసిలో పరిశుద్ధాత్మ ఉండగా దురాత్మ చేరదనే బోధ చాలా పెంతెకొస్తు సంఘాల్లోనే ఉంది, అడగండి. ప్రార్థన మంచం పక్కనే చేసుకోవచ్చు. గట్టిగా పట్టుకోవడం, కొట్టడం, కేకలు మాత్రం కుదరవు.

మళ్లీ ఫిట్స్‌ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళాలు పెడితే ఆగదు. 5 నిమిషాలు దాటితే 108కు ఫోన్‌ చేయండి. ఆసుపత్రికి పాత చీటీలు, మాత్రలు మానేసిన తేదీ, ఫోన్లో తీసిన వీడియో పట్టుకెళ్లండి.